కంప్యూటర్ అక్కర్లేని రేడియో: డాబా మీద తీగ, బల్ల మీద పికో

ఈ వినే రేడియో సెట్టు రెండు సాయంత్రాల్లో తయారవుతుంది. అందులో మనుషుల మాట వినబడటానికి మాత్రం ఇంకో నెల పట్టొచ్చు. ఆ నెలంతా మీరు బల్ల దగ్గర ఉండరు. డాబా మీదా, కరెంటు మీటరు బోర్డు దగ్గరా ఉంటారు. ఈ సంగతి ముందే తెలిసుంటే నాకు చాలా టంకం మిగిలేది. నేను సెట్టునే పదిసార్లు విప్పి బిగించాను. యాంటెన్నా తీగని మాత్రం విజయవాడ పటమటలో మా ఫ్లాటు కిటికీ గ్రిల్లుకి చుట్టి వదిలేశాను. పదిహేను రోజులు చెవులు రిక్కించి విన్నది ఒక్కటే స్టేషను, మా అపార్టుమెంటు లిఫ్టు. పైకెక్కుతుంటే ఒక రాగం, దిగుతుంటే ఇంకో రాగం.

అందుకే ఇక్కడ సెట్టు కట్టడం గురించి ఎంత చెప్తానో తీగ గురించీ, ఇంటి రొద గురించీ అంతకంటే ఎక్కువే చెప్తాను. టంకం పెట్టడం, మల్టీమీటర్ వాడటం మీకు వచ్చని అనుకుంటున్నాను. ప్రోగ్రామింగ్ రాకపోయినా నష్టం లేదు.

ఏం కడుతున్నాం

'101 థింగ్స్' పేరుతో జోనథన్ డాసన్ అనే ఇంజనీరు తయారుచేసిన 'పికో ఆర్‌ఎక్స్' అనే రిసీవరు కడదాం. సర్క్యూట్టు, బోర్డు డ్రాయింగు, ప్రోగ్రాము, అన్నీ అందరికీ తెరిచి పెట్టారు. రాస్ప్‌బెర్రీ పై పికో అనే వేలెడంత బోర్డు చుట్టూ పదీ పరకా సామాన్లు, అంతే. 30 మెగాహెర్ట్జ్ దాకా మీడియం వేవు, షార్టు వేవు మొత్తం పడుతుంది. ఏఎం, ఎస్ఎస్‌బీ (అలలో ఒక పక్కని మాత్రమే పంపే పద్ధతి), మోర్సు వినొచ్చు. పికో 1.8 నుంచి 5.5 వోల్టుల దాకా ఏదిచ్చినా తీసుకుంటుంది కాబట్టి మూడు పెన్సిల్ సెల్సు చాలు.

యూఎస్‌బీ రేడియో డాంగిల్ ఒకటి కొని ల్యాప్‌టాప్‌కి గుచ్చితే ఇంతకంటే తేలిక కదా అంటారు. తేలికే. కానీ ఆ మామూలు ఆర్‌టీఎల్ డాంగిల్ పరిధి 24 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మన హామ్‌లు (లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లు) ఎక్కువగా మాట్లాడుకునే 7 మెగాహెర్ట్జ్ దానికి నేరుగా అందదు. పైగా ల్యాప్‌టాప్ ఛార్జరంత రొద చేసే వస్తువు ఇంట్లో ఇంకోటి ఉండదు. వినే సెట్టు పక్కనే దాన్ని పెట్టుకోవడం కచేరీకి వెళ్లి స్పీకరు పక్కన కూర్చోవడం లాంటిది. ఇంకో కారణం మా ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఇళ్లల్లో మొదట పోయింది కరెంటు, ఆ తర్వాత ఫోన్లో ఛార్జింగు. వినే సెట్టు ఒక్కటే ఎవర్నీ ఒడ్డున పడేయదు గానీ, సెల్సు మీద నడిచేది ఇంట్లో ఒకటి ఉండటం వేరు.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే తప్పు ఎక్కడుందో పట్టుకోలేరు. కోటప్పకొండ తిరునాళ్లలో జెయింట్ వీల్ గుర్తుందా? దాన్ని అంచు వైపు నుంచి చూస్తే ఒక పెట్టె పైకీ కిందికీ పోవడమే కనబడుతుంది. చక్రం ఎటు తిరుగుతోందో చెప్పలేం. కొండ మీదున్నవాడికి అదే పెట్టె ముందుకీ వెనక్కీ పోతున్నట్టు కనబడుతుంది. ఇద్దరి మాటా కలిపితే ఎటు తిరుగుతోందో తేలిపోతుంది. మనం కట్టేది సాఫ్ట్‌వేర్ రేడియో, అంటే మాటని ప్రోగ్రామే విడదీసే రకం. అది వచ్చిన సిగ్నల్ని ఇలాగే ఇద్దరు సాక్షులతో చూస్తుంది. ఒకరి పేరు ఐ, ఇంకొకరి పేరు క్యూ. ఇద్దరికీ మధ్య తేడా 90 డిగ్రీలు. మనం ట్యూన్ చేసిన చోటుకి పైనున్న మాటనీ, కిందనున్న మాటనీ విడదీయగలగడం ఈ ఇద్దరి వల్లే.

పికోలో 90 డిగ్రీల తేడాతో రెండు చదరపు అలలు రెండు పిన్నుల్లోంచి బయటికొస్తాయి. అవి 3253 అనే చిన్న స్విచ్చి ఐసీని తిప్పుతాయి. ఆ స్విచ్చి యాంటెన్నా నుంచి వచ్చేదాన్ని ఒక్కో అలకి నాలుగు కండెన్సర్లకి వరసగా పంచుతుంది. ఈ పద్ధతిని టేలో డిటెక్టర్ అంటారు. ఆ తర్వాత ఆప్ఆంప్ అనే ఐసీ దాన్ని పెద్దది చేస్తే, పికోలోని 12 బిట్ల ఏడీసీ (వోల్టుల్ని అంకెలుగా మార్చే భాగం) సెకనుకి 5 లక్షల కొలతలు తీసి ఐకీ క్యూకీ పంచుతుంది. మిగతాదంతా, అంటే వడగట్టడం, మాటగా మార్చడం, చిన్న తెర మీద గీతలు చూపించడం, లోపల ప్రోగ్రాము చేసే పని. పాత రేడియోలో ఐఎఫ్ డబ్బాలు స్క్రూడ్రైవరుతో తిప్పి సరిచేసేవాళ్లు గుర్తున్నారా, వాళ్లకిక్కడ పనిలేదు.

సామాన్లు

రెసిస్టెన్సులు, మామూలు కండెన్సర్లు, పుష్ స్విచ్చులు, డాట్ బోర్డు, సెల్సు పెట్టె గవర్నర్‌పేట చుట్టుపక్కల టీవీ రిపేరు సామాన్లమ్మే కొట్లలో దొరుకుతాయి. గుంటూరు వాళ్లకీ ఇలాంటి కొట్లకి కొదవ లేదు. రోటరీ ఎన్‌కోడరు (ట్యూన్ చేయడానికి తిప్పే గుబ్బ), 0.96 అంగుళాల ఓలెడ్ తెర కూడా కాలేజీ పిల్లల ప్రాజెక్టుల పుణ్యమా అని దొరుకుతున్నాయి. తెర నాలుగు కాళ్లది, ఐ2సీ రకం తీసుకోండి. పికో, 3253, టొరాయిడ్ కోర్లు (కాయిలు చుట్టే రింగులు) మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే. నేను టొరాయిడ్ అడిగితే కొట్టు పెద్దాయన కళ్లజోడు పైకి తోసి, "స్టెబిలైజర్ కోరా బాబూ, ఎన్ని కేవీఏ?" అన్నారు. చెవిరింగంత ఉంటుందండీ అని వేలితో చూపిస్తే, పాత సీఎఫ్ఎల్ బల్బు పగలగొట్టి అందులో ఉన్నది తీసి చేతిలో పెట్టారు. డబ్బులు తీసుకోలేదు. అది మన ఫిల్టరుకి పనికిరాదు, ఆ ఫెర్రైట్ రకం వేరు. ఆయన మనసు నొప్పించడం ఎందుకని జేబులో వేసుకొచ్చాను.

కొనేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త.

ఆప్ఆంప్: కొట్టువాళ్లు ఎల్ఎం358 చేతిలో పెడతారు. వద్దు. 3.3 వోల్టుల మీద దాని అవుట్‌పుట్ పై అంచు దాకా ఎక్కదు, సొంత రొద కూడా ఎక్కువ. ఎంసీపీ6022 తీసుకోండి. అందులో రెండు ఆప్ఆంప్‌లుంటాయి, డిప్ రకం కాళ్లతో వస్తుంది కాబట్టి టంకానికి సుళువు.

3253: ఎఫ్ఎస్‌టీ3253, సీబీటీ3253 లాంటి పేర్లతో ఉంటుంది. బోర్డు మీద పడుకోబెట్టి అతికించే చిన్న కాళ్ల ఐసీ. దానికి 16 కాళ్ల అడాప్టరు బోర్డు కూడా అదే ఆర్డర్‌లో తెప్పించుకోండి.

కండెన్సర్లు: డిటెక్టర్లో, ఫిల్టర్లో వాడేవి ఎన్‌పీవో రకం అయ్యుండాలి. డిస్కు కండెన్సర్లలో తల మీద నల్ల గీత ఉన్నవి అవి. మామూలువి మే నెల ఎండకి ఒక విలువ, డిసెంబరు చలికి ఒక విలువ చూపిస్తాయి. ఐ దారిలోవీ క్యూ దారిలోవీ ఒకే విలువతో ఉండాలి కాబట్టి ఐదారు ఎక్కువే కొని మీటరుతో జతలు చూసుకోండి. రెసిస్టెన్సులు ఒక్క శాతం రకం.

నాకు మొత్తం పదిహేను వందల దాకా అయింది. అందులో తగలబెట్టుకున్న ఒక పికో కూడా ఉంది.

ముందు ప్రోగ్రాము, తర్వాత టంకం

బోర్డు మీద ఏదీ పెట్టకముందే పికోలో ప్రోగ్రాము ఎక్కించి చూడండి. యూఎఫ్2 అనే రకం ఫైలు ఒకటి దింపుకోండి. పికో మీదున్న తెల్లటి బూట్‌సెల్ బటన్ నొక్కిపట్టి యూఎస్‌బీ కేబుల్ గుచ్చితే కంప్యూటర్లో పెన్‌డ్రైవులా కనబడుతుంది. ఆ ఫైలు అందులోకి లాగి వదిలేయండి. రెండు క్షణాల్లో డ్రైవు మాయమైతే పని అయినట్టే. అసలు డ్రైవే కనబడలేదంటే పికోని అనుమానించకండి, కేబుల్ మార్చండి. ఫోన్ల పాత కేబుళ్లలో సగం ఛార్జింగుకి తప్ప డేటాకి పనికిరావు. పికో 2 కొన్నవాళ్లకి ఫైలు వేరేది.

ఆ తర్వాత తెర, ఎన్‌కోడరు బ్రెడ్‌బోర్డు మీద కలిపి, అంకెలు తిరుగుతున్నాయో లేదో చూసుకోండి. ఇక కంప్యూటరుతో పనిలేదు.

రేడియో భాగాన్ని బ్రెడ్‌బోర్డు మీదే కట్టొచ్చు, ఆ డిజైను కూడా ఇచ్చారు. కానీ నా సలహా డాట్ బోర్డు. ఇంకా మంచిది రాగి రేకు పీసీబీ ముక్క. రేకు మొత్తాన్ని గ్రౌండు చేసి, సామాన్లని దాని మీదే గాలిలో నిలబెట్టి అతికించడం. చూడ్డానికి పిచ్చుక గూడులా ఉంటుంది, పనిలో మాత్రం వంక పెట్టలేం. టంకం పెట్టేటప్పుడు రోజిన్ ఉన్న తీగ వాడండి. రేకుల పనివాళ్లు వాడే యాసిడ్ పేస్టు పెడితే ఆరు నెలల్లో కాళ్లు పచ్చబడి తెగిపోతాయి.

పని ఈ వరసలో నడిపించండి. మొదట ఆప్ఆంప్, దాని బయాస్ రెసిస్టెన్సులు పెట్టి, కరెంటిచ్చి, రెండు అవుట్‌పుట్లూ కొలవండి. 3.3లో సగం, అంటే 1.65 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. ఒకటి సున్నా దగ్గరో 3.3 దగ్గరో అతుక్కుపోయి ఉంటే ముందుకి పోకండి. టంకం ఎక్కడో పొరపాటున రెండు చుక్కల్ని కలిపేసి ఉంటుంది. అది బాగుంటే ఆ రెండింటినీ పికో ఏడీసీ పిన్నులకి కలపండి. తర్వాత 3253. దీని రెండు కంట్రోల్ కాళ్లకి పికో నుంచి వచ్చే వైర్లు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. నావి మొదట జానెడుండేవి. 14 మెగాహెర్ట్జ్ దాటితే సెట్టు చెవుడు వచ్చినట్టుండేది. రెండు అంగుళాలకి తగ్గించాక తేరుకుంది.

అలలు వస్తున్నాయో లేదో చూడాలంటే ఆసిలోస్కోపు కావాలంటారు. అక్కర్లేదు. ఇంట్లో అటక మీద పాత మీడియం వేవ్ రేడియో ఉంటే దింపండి. పికో సెట్టుని 1000 కిలోహెర్ట్జ్‌కి పెట్టి, ఆ రేడియోని దాని పక్కన పెట్టి, ముల్లు 1000 చుట్టుపక్కల మెల్లగా తిప్పండి. ఒకచోట గరగర హఠాత్తుగా సద్దుమణుగుతుంది, లేదా సన్నగా ఈల వస్తుంది. అంటే మీ అలలు పుడుతున్నాయి.

చివరగా ఆడియో. పికో నుంచి వచ్చే పల్సుల్ని ఒక రెసిస్టెన్సు, ఒక కండెన్సరుతో వడగట్టి ఇయర్‌ఫోన్‌కి ఇస్తే సరిపోతుంది. స్పీకరు కావాలనిపిస్తే చిన్న ఎల్ఎం386 కట్టుకోండి. ఎర్రటి చిన్న బోర్డు మీద దొరికే క్లాస్ డీ ఆంప్లిఫయర్లు చవకే కానీ, అవి కూడా రొద పుట్టిస్తాయి. దొంగకి తాళాలిచ్చినట్టు.

మొదటి పరీక్ష: 837

రెండు మీటర్ల తీగ ముక్క యాంటెన్నా కాలికి తగిలించి, ఏఎం పెట్టి, 837 కిలోహెర్ట్జ్‌కి తిప్పండి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం మీడియం వేవు అక్కడే ఉంటుంది, 100 కిలోవాట్లది. పొద్దున్న 6:45కి ప్రాంతీయ వార్తల టైములో కూర్చుంటే ఇంకా బాగుంటుంది. ఆ గొంతు మీరు టంకం పెట్టిన సామాన్లలోంచి వస్తుంటే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "పాత ఫిలిప్స్ బాగుచేశావా?" అనడిగింది. అంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేదు.

వినబడకపోతే మళ్లీ 1.65 వోల్టుల దగ్గరికి వెళ్లండి. వినబడి, పక్కన ఇంకోచోట అద్దంలో బొమ్మలా అదే గొంతు గట్టిగా వస్తుంటే ఐ, క్యూ దారుల్లో ఒకటి బలహీనంగా ఉంది. కండెన్సర్ల జతలు మళ్లీ చూడండి. ముందు ముందు ఎస్ఎస్‌బీలో ఎగువ, దిగువ తారుమారుగా వస్తే ఐ, క్యూ వైర్లు రెండూ అటుదిటు చేస్తే చాలు.

రెండు చిన్న ఫిల్టర్లు

చాలామంది ఇక్కడ ఆగిపోయి, సెట్టు బాగాలేదనుకుంటారు. 837 ఇంత గట్టిగా వస్తుందంటే అది 7 మెగాహెర్ట్జ్‌లో సన్నటి మాటని కూడా తొక్కేస్తుంది. ఇంకో పక్క చదరపు అలలకి ఒక గుణం ఉంది. బేసి రెట్ల దగ్గర కూడా చెవి తెరిచే ఉంటుంది. మీరు 7.2 మెగాహెర్ట్జ్ వింటున్నారంటే దానికి మూడు రెట్లు, 21.6లో ఉన్న విదేశీ బ్రాడ్‌కాస్టు కూడా అందులో దూరుతుంది. కాబట్టి కింద ఒక గోడ, పైన ఒక గోడ కట్టాలి.

రెండింటికీ టీ50-2 అనే ఎర్ర రంగు టొరాయిడ్లు, 0.4 మిల్లీమీటర్ల ఎనామెల్ రాగి తీగ చాలు. మోటార్ల వైండింగు కొట్టులో అడిగితే రెండు మీటర్లు ఊరికే ఇస్తారు. కింద గోడకి: యాంటెన్నా నుంచి వరసగా 1 నానోఫారడ్ కండెన్సరు, మళ్లీ ఇంకో 1 నానోఫారడ్ కండెన్సరు. రెండింటి మధ్య నుంచి గ్రౌండుకి 16 చుట్ల కాయిలు. ఇది 3 మెగాహెర్ట్జ్ కింద ఉన్నదాన్ని ఆపుతుంది. లెక్క ప్రకారం 837 దగ్గర 35 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. పై గోడకి: వరసలో 19 చుట్ల కాయిలు, దాని రెండు కొసల నుంచీ గ్రౌండుకి చెరో 330 పికోఫారడ్ కండెన్సరు. ఇది 9 మెగాహెర్ట్జ్ దగ్గర కోస్తుంది, 21 దగ్గర 22 డెసిబెల్స్ తగ్గిస్తుంది. తీగ టొరాయిడ్ బొక్కలోంచి ఎన్నిసార్లు దూరితే అన్ని చుట్లని లెక్క. బయట కనబడేవి లెక్కపెట్టి నేను మొదటిసారి ఒకటి తప్పాను. తీగ కొసల్లో ఎనామెల్ గీకడం మర్చిపోకండి.

14 మెగాహెర్ట్జ్ వినాలనుకున్న రోజు పై గోడని దాటేసే ఒక స్విచ్చి పెట్టుకోండి.

డాబా మీద తీగ

7 మెగాహెర్ట్జ్ కోసం డైపోల్, అంటే మధ్యలో విడదీసిన రెండు తీగల యాంటెన్నా వేద్దాం. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20 మీటర్ల చిల్లర, అంటే అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు. ఇళ్ల వైరింగుకి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు తీసుకోండి, పైన తొడుగు తీయక్కర్లేదు. మధ్యలో పీవీసీ పైపు ముక్కకి బొక్కలు పెట్టి రెండు తీగల్నీ కట్టేయండి. మెట్ల గది పైన పది అడుగుల జీఐ పైపు నిలబెట్టి మధ్యభాగాన్ని దాని కొసకి ఎత్తండి. రెండు కొసల్నీ నైలాను తాడుతో పిట్టగోడ మూలలకి కట్టండి, తలకిందులైన వీ ఆకారంలో ఉంటుంది. స్లాబులో ఇనుము ఉంటుంది కాబట్టి కొసలు స్లాబుకి కనీసం నిలువెత్తులో ఉండాలి. చోటు చాలకపోతే కొసలు పక్కకి వంచండి, ఫర్వాలేదు. వంకర తీగ కూడా కిటికీ గ్రిల్లు కంటే వెయ్యి రెట్లు నయం. లిఫ్టు గది ఉన్న మూలకి మాత్రం పోకండి. లిఫ్టు మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె ఉంటుంది చూశారూ, నా పదిహేను రోజుల రాగాలు దానివే.

కిందికి దింపడానికి కేబుల్ టీవీ వాళ్ల ఆర్‌జీ6 వైరు చాలు. అది 75 ఓమ్‌ల వైరు, రేడియో వాళ్ల 50 ఓమ్‌లది కాదు. వినడానికి ఆ తేడా లెక్కలోకి రాదు. మీ వీధి కేబుల్ కుర్రాణ్ణి 'తమ్ముడూ, ఒక ముప్పై మీటర్లు' అని అడిగితే కనెక్టర్లు కూడా వాడే బిగించి పోతాడు. వైరు సెట్టు దగ్గరికి వచ్చే ముందు దాన్ని ఒక పెద్ద ఫెర్రైట్ రింగులోంచి ఏడెనిమిది చుట్లు తిప్పండి. ఎందుకంటే ఈ వైరు పై అల్లిక కూడా యాంటెన్నాలా పనిచేసి, ఇంట్లో రొదంతా పోగుచేసి సెట్టుకి మోసుకొస్తుంది. పాత మానిటర్ కేబుళ్లకుండే నల్ల ఉండలోంచి ఒక్కసారి దూర్చితే 7 మెగాహెర్ట్జ్‌లో ఏ మూలకీ చాలదు. చుట్లు పడాలి.

అపార్టుమెంటులో ఉంటే పెద్దలతో ముందే మాట్లాడండి. మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారు పైకొచ్చి, "ఇది టవరా? రేడియేషన్ వస్తుందాండీ?" అన్నారు. "బట్టలారేసుకునే తీగ లాంటిదేనండీ, దీన్నించి ఏదీ బయటికి పోదు, లోపలికి రావడమే" అంటే ఒప్పుకున్నారు. మర్నాడు నాలుగో ఫ్లోరు వాళ్ల దుప్పటి దాని మీద ఆరేసి ఉంది. సంక్రాంతి గాలిపటాల మాంజా ఇంకో గండం. ఇంద్రకీలాద్రి పక్క ఇళ్లవాళ్లకి కోతులు. మే నెలాఖరు ఈదురుగాలులకి తాడు ముడులు చూసుకోండి. ఉరుములు వినబడగానే యాంటెన్నా వైరు పీకి, కొసని కిటికీ బయటికి వేసేయండి. ఇందులో వెనకాముందూ ఆడకండి. కరెంటు తీగలకి దగ్గరగా, వాటి పైనుంచి గానీ కిందనుంచి గానీ, తీగ అసలు లాగకండి.

ఇంటి రొద వేట

ఇప్పుడు 7.1కి తిప్పితే బహుశా జోరుమని వానలాంటి హోరు వినబడుతుంది. ఆ హోరులో సగం ఆకాశానిది కాదు, మీ ఇంటిది.

ఇంట్లోవాళ్లు ఫంక్షనుకి వెళ్లిన పూట చూసుకోండి. ఎందుకంటే మెయిన్ కట్టేయాలి. సెట్టు సెల్సు మీద నడుస్తుంది కదా, అందుకే ఈ పని సాధ్యమైంది. ఇన్వర్టరు ఉంటే అది కూడా ఆపండి. మెయిన్ దింపగానే హోరు ఎంత తగ్గిందో చెవికే తెలుస్తుంది. తెర మీద గీత కూడా కిందికి జారుతుంది. ఏమాత్రం తగ్గకపోతే రొద పక్కింటిదో, వీధి తీగలదో. తగ్గితే ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ రండి. ఏది ఎత్తినప్పుడు హోరు లేచిందో ఆ గదిలోకెళ్లి ఒక్కో ప్లగ్గూ పీకండి.

మా ఇంట్లో దొరికిన దొంగలు: పేరులేని ఎల్ఈడీ బల్బులు రెండు, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, మా నాన్నగారి ఫోను ఛార్జరు, హాల్లో కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను. ఇన్వర్టరు సంగతి చెప్పక్కర్లేదు. కరెంటు పోయి ఊరంతా నిశ్శబ్దమైన వేళ అదొక్కటే మొదలుపెడుతుంది. బల్బులు మార్చాను. అడాప్టరు వైరుకి ఫెర్రైట్ తొడిగాను. ఫ్యానుకి మాత్రం ఏమీ చేయలేకపోయాను. వినేటప్పుడు ఆపుకుంటాను, చెమటలు కక్కుకుంటాను. విజయవాడ వేసవిలో హామ్ రేడియో అంటే ఇదే.

ఒక గుర్తు: గుర్రుమని ఒకే తీరుగా ఉండే రొద చాలాసార్లు కరెంటు తీగల్లో నిప్పురవ్వ వల్ల వస్తుంది, వాన పడితే మారుతుంది. కొద్ది కొద్ది దూరంలో వరసగా నిలబడ్డ గీతల్లా తెర మీద కనబడితే అది స్విచింగ్ ఛార్జరు. సన్నగా పాకుతూ జరిగే గీతలు కూడా ఈ చవక ఛార్జర్లవే.

ఏం వినాలి, ఎప్పుడు

ముందు సెట్టు అంకెల్ని సరిచేసుకోండి. పై గోడని దాటేసే స్విచ్చి వేసి, సాయంత్రం పూట 10 మెగాహెర్ట్జ్ దగ్గర వింటే చైనాలోని బీపీఎం అనే టైము స్టేషను సెకనుకో టిక్కు చొప్పున వస్తుంటుంది. ఎస్ఎస్‌బీలో పెట్టి, ఈల స్వరం మందగించి సున్నా అయ్యేదాకా తిప్పండి. తెర మీద 10,000 కిలోహెర్ట్జ్ కాకుండా ఇంకేదైనా ఉంటే ఆ తేడాయే మీ క్రిస్టల్ తప్పు. మెనూలో దిద్దుకోండి.

తర్వాత మనవాళ్లు. మన దేశంలో 40 మీటర్ల బ్యాండు 7.0 నుంచి 7.2 దాకా. తెల్లవారినప్పటి నుంచి ఎండెక్కేదాకా, మళ్లీ సాయంత్రం 7.05 పైన తిప్పుతూ ఉండండి. మోడు ఎల్ఎస్‌బీలో, అంటే ఎస్ఎస్‌బీ దిగువ పక్కలో ఉండాలి. 10 మెగాహెర్ట్జ్‌కి కింద ఎల్ఎస్‌బీ, పైన యూఎస్‌బీ (ఎగువ పక్క, కేబుల్ యూఎస్‌బీ కాదు) అనేది హామ్‌ల వాడుక. మొదట బాతు కూసినట్టుంటుంది. పది హెర్ట్జ్‌ల చొప్పున తిప్పితే బాతు మనిషవుతుంది. 'వీయూ2', 'వీయూ3' అని మొదలయ్యే కాల్‌సైన్లు (హామ్‌ల గుర్తింపు పేర్లు) మన దేశానివి. 7.2 దాటితే విదేశీ బ్రాడ్‌కాస్టుల సంత.

మాట దొరకని రోజు 14.074లో యూఎస్‌బీ పెట్టండి. 15 సెకన్ల చొప్పున ఈలల గుంపు వచ్చి ఆగుతుంటుంది. అది ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి. సాయంత్రం అది వినబడలేదంటే బ్యాండు మూసుకున్నట్టో, మీ వైరు ఊడినట్టో. యాంటెన్నా బాగుందా లేదా అని చూడ్డానికి నేను ఇప్పటికీ మొదట అక్కడికే వెళ్తాను. విన్నదంతా ఒక నోటుపుస్తకంలో రాయండి. టైము యూటీసీలో, అంటే మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేసి.

మాట్లాడాలనిపిస్తే

ఇంతవరకు చెప్పిందంతా వినడమే. ప్రసారం చేయాలంటే లైసెన్సు ఉండి తీరాలి. కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెట్టి ఇస్తుంది, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ తరగతికి మోర్సు అక్కర్లేదు, దానికి వీయూ3తో మొదలయ్యే కాల్‌సైను. జనరల్‌కి మోర్సు కూడా ఉంటుంది, వీయూ2. ఎలక్ట్రానిక్స్ ప్రశ్నలు ఇంటర్ ఫిజిక్స్ స్థాయిలోనే ఉంటాయి. రూల్సు పేపరే బట్టీ పట్టాలి.

లైసెన్సు చేతికొచ్చాక ఇదే కోవలో, కంప్యూటరు లేకుండా నడిచి, డిజైను తెరిచిపెట్టిన ట్రాన్సీవర్లు (వినడం, ప్రసారం రెండూ చేసే సెట్లు) ఉన్నాయి. మన పక్కూరి మనిషిది ముందు చెప్తాను. హైదరాబాద్‌లో ఉండే అష్హర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్ఈ, 2003లో బిట్ఎక్స్ అనే సర్క్యూట్టు ప్రపంచం ముందు పెట్టారు. సామాన్ల కొట్లో దొరికే వాటితోనే కట్టుకోగలగాలన్నది దాని పట్టుదల. ఆ వరసలో వచ్చిన ఎస్‌బిట్ఎక్స్‌లో రాస్ప్‌బెర్రీ పై, టచ్ తెర లోపలే ఉంటాయి. దాన్ని చిన్నది చేసిందే జడ్‌బిట్ఎక్స్. ఇంకా చవకలో కావాలంటే యూఎస్‌డీఎక్స్. ఆర్డునో యూనోలో ఉండే ఏటీమెగా328తోనే ఎస్ఎస్‌బీ పుట్టిస్తుంది. ఎనిమిది బిట్ల చిప్పుతో ఆ పని చేయించినవాళ్లకి దణ్ణం పెట్టాలి. కాకపోతే దాని పేరుతో మార్కెట్లో నకళ్లు బోలెడు. ఫిల్టర్లు సరిగా లేని నకలుతో ప్రసారం చేస్తే మీ మాట పక్క బ్యాండుల్లోకి కూడా పోతుంది, దానికి జవాబు చెప్పుకోవాల్సింది మీరే. కొనేముందు పీసీబీ ఫొటో అసలు డిజైనుతో పక్కపక్కన పెట్టి టొరాయిడ్లు లెక్కపెట్టండి.

ట్రాన్సీవరు వచ్చిన రోజు కేబుల్ టీవీ వైరు తీసేసి 50 ఓమ్‌ల వైరు వేసుకోండి. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో (యాంటెన్నా నుంచి ఎంత వెనక్కొస్తోందో చూపించేది) డైపోల్ కొసలు కత్తిరిస్తూ సరిచేయండి. మొదటిసారి మైకు నొక్కే ముందు మాత్రం పికో సెట్టు యాంటెన్నా వైరు పీకేశారో లేదో చేత్తో తడిమి చూసుకోండి. ఐదు వాట్లు వెనక్కొచ్చి తగిలితే మొదట పోయేది ఆ చిన్న కాళ్ల 3253.